ఆత్మరక్షణ శిక్షణ మూణ్ణాళ్ళ ముచ్చట కారాదు

మన ఏజెన్సీ గ్రామాల్లో తెల్లవారక ముందే ఆడవాళ్ళు అడవి బాట పడతారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు ఏరడానికి, ఎండలు ముదిరాక తునికాకు కోయడానికి, మిగతా రోజుల్లో కట్టెలకో, పశువుల వెంటో అడవిలోకి పోక తప్పదు. ఇక ఆడపిల్లలు బడికో, కాలేజీకో పోవాలంటే గూడెం నుంచి బస్సు ఆగే రోడ్డు దాకా నడవాలి. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమే. కానీ రోడ్డు మీద దిగిన తర్వాత గూడెం చేరే దాకా నడిచే ఆ రెండు మూడు కిలోమీటర్లకు ఏ బస్సూ లేదు. భయమంతా ఆ నడకలోనే ఉంది.

ఆ భయానికి మనవాళ్ళు వాడే మందు ఒక్కటే. పిల్లను బడి మాన్పించడం. దారిలో ఎవడో ఏదో అన్నాడని తెలిస్తే చాలు, ‘కాలం బాగా లేదు, చదివింది చాలు’ అంటారు. మరుసటి ఏడు పెళ్ళి చేసి పంపేస్తారు. తప్పు చేసినవాడు దర్జాగా సంతలో తిరుగుతూ ఉంటాడు. ఏ పాపమూ ఎరగని పిల్ల ఇంట్లో కూర్చుంటుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంది ఈ వ్యవహారం.

ఆత్మరక్షణ శిక్షణ గురించి మాట్లాడేటప్పుడు ముందుగా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పిల్ల ఎన్ని దెబ్బలు కొట్టడం నేర్చిందన్నది కాదు లెక్క. నేర్చిన తర్వాత ఆ పిల్ల మరునాడు కూడా బడికి పోయిందా లేదా అన్నదే లెక్క. ఈ కొలతతో చూస్తే ఇప్పుడు జరుగుతున్న శిక్షణ చాలదు. అసలు అది మొదలుపెట్టాల్సిన చోట మొదలు కావడం లేదు, కొనసాగాల్సినంత కాలం కొనసాగడం లేదు.

పథకం ఉంది, పట్టు లేదు

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం అన్యాయం. సమగ్ర శిక్ష కింద ‘రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్ష ప్రశిక్షణ్’ అనే పథకం ఉంది. ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12వ తరగతి దాకా చదివే ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పించాలన్నది దాని ఉద్దేశం. శిక్షణ మూడు నెలలు. అందుకోసం ఒక్కో బడికి నెలకు 5,000 రూపాయల చొప్పున ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది.

మంచిదే. కానీ మూడు నెలలు గడిచాక ఏమవుతుంది? శిక్షకుడు తన దారిన పోతాడు. పిల్లలు పరీక్షల్లో పడతారు. వేసవి సెలవులకు ఇంటికి వచ్చేసరికి నేర్చింది సగం మరిచిపోతారు. మరుసటి ఏడు మళ్ళీ శిక్షణ వచ్చినా, మళ్ళీ ఓనమాల దగ్గరే మొదలు. నాగలి పట్టడం మూడు నెలల్లో నేర్చి, ఆ తర్వాత తొమ్మిది నెలలు చాలు ముఖం చూడనివాడు సేద్యం చేయగలడా?

ఇంకో సంగతి. బడికి వచ్చే పిల్లకే ఈ శిక్షణ. బడి మానేసిన పిల్లకు లేదు. కూలికి పోయే అక్కకు లేదు. సంతలో కూరగాయలు అమ్మే తల్లికి లేదు. నిజానికి అడవి దారుల్లో ఎక్కువగా తిరిగేది వీళ్ళే.

శిక్షణ చాలాచోట్ల ఒక ప్రదర్శనగా మారింది. ఆగస్టు 15కో, బడి వార్షికోత్సవానికో తెల్లబట్టలు తొడిగిన పిల్లలు వరుసగా నిలబడి గాలిలో గుద్దులు గుద్దుతారు. పెద్దలు చప్పట్లు కొడతారు. ఫోటో తీస్తారు. పిల్లలు అందంగా చేశారు, అందులో సందేహం లేదు. అయితే చీకటి దారిలో చెయ్యి పట్టుకున్నవాడు వరుసలో నిలబడి రాడు. అతను వచ్చేసరికి పిల్ల కాళ్ళకు చెప్పులు ఉంటాయి, భుజాన పుస్తకాల సంచి ఉంటుంది, నోట మాట రాదు. శిక్షణ ఆ ఘడియకు పనికిరావాలి.

మొదటి పాఠం – గొంతు

కొత్తగా నేర్చుకునేవారు తన్నులతో మొదలుపెట్టకూడదు. కేకతో మొదలుపెట్టాలి. ఇది వినడానికి నవ్వులాటగా ఉండవచ్చు. కానీ మన ఆడపిల్లలకు పుట్టినప్పటి నుంచి నేర్పేది గొంతు తగ్గించుకోమని. ‘ఆడపిల్లవు, మెల్లగా మాట్లాడు’ అని వెయ్యిసార్లు విన్న పిల్ల, అవసరం పడ్డ ఒక్కసారి గట్టిగా అరవమంటే ఎలా అరుస్తుంది? గొంతు పెగలదు. దుర్మార్గుడికి కావలసింది కూడా అదే, చప్పుడు లేకుండా పని జరిగిపోవడం.

అందుకే మొదటి వారం అంతా కేకే నేర్పాలి. పదిమంది ఆడవాళ్ళు ఊరి బయట చేలోనో, వాగు ఒడ్డునో నిలబడాలి. కడుపులోంచి ఊపిరి తీసి ‘ఆగు!’, ‘దూరం జరుగు!’, ‘చెయ్యి తియ్యి!’ అని ఒక్కొక్కరు అరవాలి. బతిమాలే గొంతు కాదు, ఆజ్ఞ ఇచ్చే గొంతు. మొదటి రోజు అందరూ సిగ్గుపడి నవ్వుతారు. నాలుగో రోజుకు గొంతు దానంతట అదే లేస్తుంది.

రెండో పాఠం నిలబడటం. రెండు కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడ్డ మనిషిని చిన్న తోపు తోస్తే పడిపోతుంది. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి వేసి, మోకాళ్ళు కొంచెం వంచి, గడ్డం దించి, రెండు అరచేతులు ఛాతీ ఎత్తున ముందుకు చాపి నిలబడాలి. ఇది చూసేవాళ్ళకు ‘వద్దు, ఆగు’ అని చెబుతున్నట్టు ఉంటుంది, మనకు కాపుగానూ ఉంటుంది. ఎదుటి మనిషి చెయ్యి చాపినా అందనంత దూరంలో ఉండటం అలవాటు చేసుకోవాలి. అతను ఒక అడుగు ముందుకేస్తే మనం ఒక అడుగు పక్కకు జరగాలి.

మూడో పాఠం పట్టు విడిపించుకోవడం. మణికట్టు పట్టుకున్న చేతిలో నాలుగు వేళ్ళు ఒకవైపు, బొటనవేలు ఒకవైపు ఉంటాయి. ఆ పట్టులో బలహీనమైన చోటు బొటనవేలే. వెనక్కి గుంజితే మన బలానికీ అతని బలానికీ పోటీ అవుతుంది, అందులో మనం ఓడవచ్చు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు ఉన్న వైపుకు మణికట్టు తిప్పి, ఒక్కసారిగా ఒళ్ళంతా కలిపి లాగితే పట్టు జారుతుంది. దీన్ని ఇద్దరిద్దరుగా, ముందు నెమ్మదిగా, తర్వాత వేగంగా వందలసార్లు చేయాలి. ఒకసారి చూసి ‘ఓ, ఇంతేనా’ అనుకుంటే అవసరానికి గుర్తుకు రాదు.

దెబ్బ కొట్టడం నాలుగో పాఠం. అలవాటు లేనివాళ్ళు పిడికిలితో గుద్దితే వాళ్ళ వేళ్ళే విరుగుతాయి. అరచేతి కింది భాగం, మణికట్టు దగ్గర గట్టిగా ఉండే చోటుతో ముక్కు మీద, గడ్డం కింద కొట్టడం మేలు. దగ్గరికి వస్తే మోచేయి, మోకాలు. వెనక నుంచి పట్టుకుంటే మడమతో అతని పాదం మీద బలంగా తొక్కడం. ఇంతకుమించి కొత్తవాళ్ళకు అవసరం లేదు. గోనెసంచిలో వరిగడ్డి కూరి చెట్టుకు వేలాడదీస్తే అభ్యాసానికి అంతకంటే మంచి సామాను ఉండదు. పడితే దెబ్బ తగలకుండా పడటం కూడా నేర్పాలి. గడ్డం ఛాతీకి ఆనించి, ఒళ్ళు గుండ్రంగా చేసుకుని పడితే తల నేలకు కొట్టుకోదు. గోదావరి ఇసుక కానీ, గడ్డివాము కానీ దీనికి చాలు.

చివరి పాఠం, అన్నింటికంటే ముఖ్యమైనది పరుగు. కొట్టడమంతా పారిపోవడానికి సందు చేసుకోవడం కోసమే తప్ప, గెలవడం కోసం కాదు. ఎటు పరుగెత్తాలో ముందే తెలిసి ఉండాలి. దారిలో దీపం ఉన్న ఇల్లు ఏది, టీకొట్టు ఎక్కడ, మనుషులు ఎప్పుడూ ఉండే చోటు ఏది అన్నది తల్లి బిడ్డకు చూపించి పెట్టాలి. సంచి లాక్కుంటే వదిలెయ్యమని చెప్పాలి. పుస్తకాలు మళ్ళీ కొనుక్కోవచ్చు.

ఈ అభ్యాసానికి ప్రత్యేకమైన బట్టలు అక్కర్లేదు. రోజూ వేసుకునే బట్టలతో, రోజూ తొడిగే చెప్పులతోనే చేయాలి. ఎందుకంటే ఆపద వచ్చేది ఆ బట్టల్లోనే. చున్నీ మెడ చుట్టూ ముడి వేసుకోకూడదు, గాజులు తీసి చేయాలి. మొదలుపెట్టే ముందు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కేలా నడవాలి, కాళ్ళూ చేతులూ ఆడించాలి. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. కళ్ళు తిరిగినా, ఆయాసం వచ్చినా ఆగిపోవాలి. ఖాళీ కడుపుతో చేయకూడదు.

మనకు కొత్త కాదు

ఇదంతా ఎక్కడో జపాను నుంచి, చైనా నుంచి వచ్చిన విద్య అనుకోనక్కర్లేదు. కర్రసాము మన ఊళ్ళ విద్య. పీర్ల పండుగకు, జాతరలకు కర్ర తిప్పే పెద్దలు ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో ఉన్నారు. అయితే వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. భుజం ఎత్తు వెదురు కర్ర ఒకటి ఉంటే చాలు. ఎదుటి మనిషిని దూరంగా ఉంచడానికి, కుక్కలు మీదకు వస్తే అదిలించడానికి, గడ్డిలో అడుగు వేసే ముందు పాము లేకుండా తట్టి చూడటానికి అది పనికొస్తుంది. అడవికి పోయే మనిషి చేతిలో కర్ర ఉంటే ఎవరూ వింతగా చూడరు కూడా.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని పెద్దలు మరిచిపోలేదు. అప్పుడు మన ఖమ్మం వరంగల్ జిల్లాలో ఉండేది. సంఘం వాలంటీర్లు ఊళ్ళలో కర్రసాము చేశారు, వడిసెల పట్టారు. రజాకార్లు, దొరల గూండాలు మీదకు వస్తే ఆడవాళ్ళు కారం, రోకళ్ళు పట్టుకుని ఎదురు నిలిచిన ఊళ్ళు ఉన్నాయి. ఆ రోజుల నుంచి మనం నేర్చుకోవలసింది కారం చల్లడం కాదు. గాలి ఎదురైతే ఆ కారం మన కళ్ళలోనే పడుతుంది. నేర్చుకోవలసింది, ఒకరు కేక వేస్తే ఊరంతా కదలడం. ఒంటరి మనిషి ఎంత సాము నేర్చినా కేక విని వచ్చేవాళ్ళు లేకపోతే ఆ సాము కొంతవరకే.

అడవి విషయంలో ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మనిషి మీదకు వస్తే పరుగెత్తమన్నాం. ఎలుగుబంటి ఎదురైతే మాత్రం పరుగెత్తకూడదు. ఇప్పపువ్వంటే మనకెంత ఇష్టమో ఎలుగుకూ అంత ఇష్టం. అది అదాటున మనిషిని చూసి బెదిరినప్పుడే ఎక్కువగా మీద పడుతుంది. అందుకే చీకటితో ఒంటరిగా పోకుండా నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ, చప్పుడు చేస్తూ పోవాలి. కనబడితే దానివైపు నుంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా వెనక్కి జరగాలి. ఏ ఆపదకు ఏ ఉపాయమో తెలియడమే ఆత్మరక్షణ.

తెలిసినవాడే తోడేలైతే

ఇప్పటిదాకా చెప్పింది చీకటి దారి సంగతి. కానీ ఇంతకంటే చేదు నిజం ఒకటి ఉంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటేటా ప్రకటించే లెక్కలు చూస్తే, అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడు. చుట్టమో, పక్కింటివాడో, పని ఇచ్చేవాడో, పెళ్ళి చేసుకుంటానని నమ్మించినవాడో అయి ఉంటాడు. తెలిసినవాడి మీద చెయ్యెత్తడం అపరిచితుడి మీద ఎత్తినంత సులువు కాదు. ‘మామయ్యే కదా, అన్నయ్యే కదా’ అన్న మొహమాటం నోరు నొక్కేస్తుంది.

కెనడా దేశంలో మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి ఏడాది విద్యార్థినుల మీద జరిపిన ఒక పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. సగంమందికి మొత్తం 12 గంటల శిక్షణ ఇచ్చారు. నాలుగు పాఠాలు, ఒక్కోటి మూడు గంటలు. మిగతా సగంమందికి కరపత్రాలు మాత్రం ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి కరపత్రాలు చదివినవారిలో నూటికి 9.8 మంది అత్యాచారానికి గురైతే, శిక్షణ పొందినవారిలో ఆ సంఖ్య 5.2. అంటే దాదాపు సగానికి తగ్గింది. గమనించవలసింది ఏమంటే, ఆ 12 గంటల్లో తన్నడం, గుద్దడం ఒక భాగం మాత్రమే. తెలిసినవాడి మాటల్లో అపాయాన్ని పసిగట్టడం, మొహమాటం లేకుండా వద్దని చెప్పడం, తన మనసు ఏం కోరుతోందో తాను తెలుసుకోవడం మిగతా భాగం.

కెనడా వేరు, మన గూడెం వేరు కావచ్చు. కానీ మొహమాటం అక్కడా ఇక్కడా ఒకటే. కాబట్టి మన శిక్షణలో కూడా మాట్లాడుకోవడానికి సమయం ఉండాలి. ఒంటిమీద ఎవరు ఎక్కడ చెయ్యి వేయకూడదు, వేస్తే ఎవరితో చెప్పాలి అన్నది చిన్నపిల్లలకు సైతం తెలిసే మాటల్లో చెప్పాలి. తల్లిదండ్రులకు నేర్పవలసిన పాఠం కూడా ఒకటుంది. బిడ్డ వచ్చి చెప్పినప్పుడు ‘నువ్వక్కడికి ఎందుకు పోయావు’ అని అడగకూడదు. ‘చెప్పి మంచిపని చేశావు’ అనాలి. ఆ ఒక్క మాట లేకపోతే మిగతా శిక్షణ అంతా బూడిదలో పోసిన పన్నీరే.

మరో మాట. ఎంత నేర్చినా, ఆ ఘడియకు కొందరికి ఒళ్ళు కొయ్యబారిపోతుంది. చెయ్యి లేవదు, నోరు రాదు. అది పిరికితనం కాదు, శరీర స్వభావం. అభ్యాసంతో అది తగ్గవచ్చు, అందరికీ పూర్తిగా పోదు. ‘ఇంత నేర్చి కూడా ఎందుకు కొట్టలేదు’ అని ఎవరూ ఏ ఆడపిల్లనూ అడగరాదు. ఎదురు తిరగలేదన్న ఒక్క కారణంతో ఆమె ఒప్పుకున్నట్టు భావించరాదని చట్టమే చెబుతోంది.

చట్టం, సరిహద్దు

కొడితే మనమీదే కేసు పెడతారేమోనన్న భయం పల్లెల్లో ఉంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. తన ఒంటిని, ఇతరుల ఒంటిని కాపాడుకోవడానికి చేసిన పని నేరం కాదు. అత్యాచారం చేయబోయినవాణ్ణి, ఎత్తుకుపోబోయినవాణ్ణి, యాసిడ్ పోయబోయినవాణ్ణి ఎదిరించడంలో అతని ప్రాణం పోయినా ఈ హక్కు వర్తిస్తుంది. కానీ హద్దు ఉంది. ఆపద ఉన్నంతసేపే హక్కు. అతను పడిపోయాక, పారిపోయాక వెంటపడి కొడితే అది ఆత్మరక్షణ కాదు, పగ తీర్చుకోవడం. శిక్షణ ఇచ్చేవారు ఈ తేడా మొదటి రోజే చెప్పాలి.

మనది సరిహద్దు ప్రాంతం. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలో కలిసింది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల పోయే దారిలో ఆంధ్ర గ్రామాలు దాటిపోవాలి. 2016లో మన ఖమ్మం జిల్లా కూడా రెండయింది. దారిలో ఏదైనా జరిగితే ‘ఇది మా స్టేషను పరిధి కాదు’ అనే మాట వినవలసి వస్తుందేమోనని జనం జంకుతారు.

ఆ జంకు అక్కర్లేదు. నేరం ఎక్కడ జరిగినా, దగ్గరలో ఉన్న ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకుని నమోదు చేయాలి. దాన్ని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఇప్పుడు అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షనులోనే ఉంది. పరిధి ఎవరిదో పోలీసులు చూసుకుంటారు, బాధితురాలు చూసుకోనక్కర్లేదు. అత్యవసరానికి 112, ఆడవాళ్ళ సహాయానికి 181, పిల్లల కోసం 1098 నంబర్లు రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తాయి. ఈ మూడు నంబర్లు ప్రతి పిల్లకూ ఎక్కాల్లాగా నోటికి రావాలి. అయితే అడవి లోపల సెల్‌ఫోనుకు సిగ్నలు అందని చోట్లు ఎన్నో. అందుకే ముందు గొంతు, తర్వాత ఫోను.

వద్దనేవారికి జవాబు

ఈ విషయం ఎత్తగానే కొందరు పెద్దలు ‘ఆడపిల్లకు సాము నేర్పితే పెళ్ళెలా అవుతుంది’ అంటారు. మన రాష్ట్రంలోనే, నిజామాబాదులో పుట్టిన నిఖత్ జరీన్ బాక్సింగ్ నేర్చుకుంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. ఆ పిల్లకు ఆట వద్దని ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే నష్టం ఎవరికి? అందరూ నిఖత్ కానక్కర్లేదు. తలెత్తుకుని సంతకు పోయి రాగలిగితే అదే పదివేలు.

ఇంకొందరు చదువుకున్నవారు దీనికి భిన్నంగా మాట్లాడతారు. ‘తప్పు చేసేది మగవాడైతే శిక్షణ భారం ఆడదాని మీద ఎందుకు వేయాలి’ అని. ఈ మాటలో న్యాయం ఉంది. దారిలో దీపం పెట్టవలసింది పంచాయతీ. బడి వదిలే వేళకు బస్సు నడపవలసింది ఆర్టీసీ. కేసును త్వరగా తేల్చవలసింది పోలీసులు, కోర్టులు. ఆడపిల్లను ఎలా చూడాలో కొడుక్కు నేర్పవలసింది తండ్రి. ఆత్మరక్షణ నేర్పాం కదా అని వీళ్ళెవరూ తప్పించుకోవడానికి వీల్లేదు. కానీ ఇవన్నీ అయ్యేదాకా పిల్ల ఆ దారిన నడవక తప్పదు కదా. వాన ఆగేదాకా గొడుగు వద్దనడం తెలివి కాదు, గొడుగు ఇచ్చాం కనుక ఇంటి కప్పు అక్కర్లేదనడమూ తెలివి కాదు.

ఏం చేయాలి?

మొదటిది, శిక్షణ బడి గోడ దాటి ఊళ్ళోకి రావాలి. పొదుపు సంఘాల సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి. ఆ రోజే ఒక గంట దీనికి కేటాయిస్తే 12 వారాల్లో 12 గంటలు అవుతాయి. ఆ తర్వాత వారానికి పావుగంట చొప్పున అభ్యాసం ఏడాది పొడుగునా సాగాలి. ఖర్చు ఏమీ లేదు, ఒక గోనెసంచి, నాలుగు వెదురు కర్రలు తప్ప.

రెండోది, నేర్పే మనుషులు ఊళ్ళోనే తయారు కావాలి. బడిలో మూడు నెలలు శిక్షణ పొందిన పెద్ద తరగతి పిల్లల నుంచి ఇద్దరినో ముగ్గురినో ఎంచి, సెలవుల్లో తమ గూడెంలో చెల్లెళ్ళకు, తల్లులకు నేర్పే పని అప్పగించాలి. కోయ గూడేల్లో కోయ భాషలోనే చెప్పాలి. కర్రసాము తెలిసిన పెద్దలను పిలిచి గౌరవంగా నేర్పించుకోవాలి.

మూడోది, శిక్షకుల ఎంపికలో జాగ్రత్త. నేర్పేది ఆడమనిషి అయితే మంచిది. మగవాడైతే బహిరంగ స్థలంలో, ఊరి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు దగ్గరుండగా మాత్రమే నేర్పాలి. పట్టు చూపించాలంటే పిల్లల చేత పిల్లలకే చేయించాలి. రంగురంగుల బెల్టులకని నెలనెలా డబ్బు గుంజేవారిని, ఒంటిచేత్తో పదిమందిని కొట్టవచ్చని చెప్పేవారిని నమ్మకూడదు. అలాంటి గొప్పలు నమ్మి పిల్ల నిలబడి పోట్లాడితే ప్రాణానికే ముప్పు.

నాలుగోది, మగపిల్లలను వదిలిపెట్టరాదు. దెబ్బలు తినే మగపిల్లలూ ఉన్నారు, లైంగికంగా వేధింపులకు గురయ్యేవారూ ఉన్నారు. వాళ్ళకూ ఈ పాఠాలు కావాలి. తోటి పిల్లను ఎవడైనా ఏడిపిస్తుంటే నవ్వుతూ చూడకుండా అడ్డుపడటం కూడా వాళ్ళకు నేర్పాలి.

ఐదోది, ఆశ్రమ పాఠశాలలు, కస్తూరిబా విద్యాలయాల్లో శిక్షణ మూడు నెలలతో ఆపకుండా వారానికి ఒక పీరియడు స్థిరంగా ఉంచాలి. అందుకు మహిళా వ్యాయామ ఉపాధ్యాయులు కావాలి. భద్రాచలం ఐ.టి.డి.ఎ. అధికారులు, రెండు జిల్లాల విద్యాశాఖ వారు, షీ టీమ్‌లు కలిసి కూర్చుంటే ఇది పెద్ద పని కాదు. ఎన్ని బడుల్లో శిక్షణ జరిగిందన్న లెక్కతో పాటు, శిక్షణ పొందిన పిల్లల్లో మరుసటి ఏడు ఎంతమంది బడిలో మిగిలారన్న లెక్క కూడా రాయాలి. అసలు ఫలితం అందులోనే తెలుస్తుంది.

అధికారులు కదిలేదాకా ఎదురు చూడవలసిన పని కూడా లేదు. వచ్చే ఆదివారం ఏ గూడెంలోనైనా పదిమంది ఆడవాళ్ళు చేరి, వాగు ఒడ్డుకు పోయి, గట్టిగా ఒక కేక వేసి చూడవచ్చు. ఆ కేక విని ఊళ్ళో మగవాళ్ళు ఏమిటోనని పరుగెత్తుకుని రావాలి. వస్తే ఆ ఊరికి మొదటి పాఠం వచ్చినట్టే. రాకపోతే, శిక్షణ ఎవరికి ముందు కావాలో ఆ ఊరికే తెలుస్తుంది.